హెరాల్డ్ పింటర్

హెరాల్డ్ పింటర్ (1930 అక్టోబరు 10 – 2008 డిసెంబరు 24) సుప్రసిద్ధ ఆంగ్ల నాటకకర్త, నటుడు, దర్శకుడు. 2005లో సాహిత్యంలో నోబెల్ బహుమతి పొందాడు. రంగస్థల రచయితగానే ఇతనికి ఎక్కువ ఖ్యాతి ఉన్నప్పటికీ, లండన్ రంగస్థలం తిరస్కరించిన తొలినాళ్ళలో ఇతనిని నిలబెట్టినవి రేడియో, టెలివిజన్ మాధ్యమాలే.

బాల్యము, నటజీవితము

పింటర్ తూర్పు లండన్‌లోని హాక్నీలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి దర్జీ. హాక్నీ డౌన్స్ పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయుడు జోసెఫ్ బ్రియర్లీ ఇతనిచేత షేక్‌స్పియర్ నాటకాలలో మాక్బెత్, రోమియో పాత్రలు వేయించాడు. ఆ గురువు పట్ల పింటర్‌కు జీవితాంతం గౌరవముండేది. యుద్ధానంతరం నిర్బంధ సైనిక సేవను నిరాకరించి జరిమానా చెల్లించాడు. తరువాత డేవిడ్ బారన్ అన్న మారుపేరుతో సంచార నాటక సమాజాలలో నటించాడు. 1956లో నటి వివియన్ మర్చంట్‌ను వివాహమాడాడు.

తొలి నాటకాలు

మిత్రుడు హెన్రీ వుల్ఫ్ కోరికపై కొద్ది రోజులలో వ్రాసిన "ది రూమ్" 1957లో బ్రిస్టల్‌లో ప్రదర్శింపబడింది. 1958 మే నెలలో లండన్‌లోని లిరిక్ థియేటర్‌లో ఆడిన "ది బర్త్‌డే పార్టీ"ని విమర్శకులు తీవ్రంగా ఖండించారు. ఎనిమిది ప్రదర్శనలతో నాటకం ఆగిపోయింది. హెరాల్డ్ హాబ్సన్ ఒక్కడే సండే టైమ్స్‌లో ఘనంగా ప్రశంసించాడు గాని, ఆ సమీక్ష వెలువడింది నాటకం మూతబడిన మరునాడు!

రేడియో నాటికలు

ఈ స్థితిలో బి.బి.సి. రేడియో నాటక విభాగంలోని డొనాల్డ్ మెక్‌విన్నీ ఇతనికి అండగా నిలిచాడు. "ఎ స్లైట్ ఏక్" 1959 జూలై 29న థర్డ్ ప్రోగ్రాంలో ప్రసారమయింది. ఎడ్వర్డ్, ఫ్లోరా అనే దంపతుల ఇంటి గేటు వద్ద అగ్గిపెట్టెలమ్మే ముసలివాడు నిలబడి ఉంటాడు. వారు అతనిని లోపలికి పిలిచి మాట్లాడతారు. అతడు ఒక్క మాటైనా పలుకడు. రేడియోలో మాటలాడని మనిషి ఉన్నట్లా, లేనట్లా? ఆ ముసలివాడు నిజంగా ఉన్నాడో, దంపతుల భ్రమయో శ్రోతకు తేలదు. 1961లో ఇదే నాటిక రంగస్థలంపైకి వచ్చినపుడు ఒక నటుడు కళ్ళెదుట నిలువవలసి వచ్చింది. ఆ సందేహానికి తావు తగ్గింది. కనుక దీనిని చదువుటకన్నా వినుట మేలు. తరువాతి కాలంలో "పింటర్ విరామం"గా పేరుపొందిన మౌనానికి రేడియో ఎంత అనుకూలమో ఈ నాటిక చూపుతుంది.

"లాండ్‌స్కేప్" నాటకం రేడియోకు చేరిన కారణం వేరు. రంగస్థల నాటకాలను పరిశీలించే లార్డ్ ఛాంబర్లేన్ కార్యాలయం అందులోని కొన్ని మాటలను తొలగించమన్నది. పింటర్ అంగీకరించలేదు. ఆ కార్యాలయపు అధికారం రేడియోకు వర్తించదు గనుక 1968 ఏప్రిల్‌లో నాటకం యథాతథంగా ప్రసారమయింది. అదే సంవత్సరం ఆ సెన్సారు విధానం రద్దయింది. 1969లో నాటకం రంగస్థలమెక్కింది.

టెలివిజన్

లిరిక్ థియేటర్‌లో పరాజయం పాలైన "ది బర్త్‌డే పార్టీ"ని 1960 మార్చిలో టెలివిజన్‌లో కోటి మందికి పైగా చూశారు. అదే సంవత్సరం ఏప్రిల్ 24న "ఎ నైట్ అవుట్" టెలివిజన్‌లో ప్రసారమయింది. అంతకుముందే రేడియోలో వచ్చిన ఈ నాటికలో పింటర్ రెండు మాధ్యమాలలోను ఒక చిన్న పాత్ర ధరించాడు. మూడు రోజుల తరువాత మెక్‌విన్నీ దర్శకత్వంలో ఆరంభమైన "ది కేర్‌టేకర్" లండన్‌లో 444 ప్రదర్శనలు పొంది పింటర్ కీర్తిని స్థిరపరచింది. అయినా ఒక్క రాత్రిలో "ఎ నైట్ అవుట్" చూసినంత మంది దీనిని చూడాలంటే ముప్పై ఏళ్ళు ఆడవలసి ఉంటుందని అతడే లెక్క చెప్పాడు. టెలివిజన్ కొరకు వ్రాసిన "ది కలెక్షన్" (1961), "ది లవర్" (1963) కూడా పిమ్మట రంగస్థలానికి వచ్చాయి. "ది లవర్"కు ప్రి ఇటాలియా బహుమతి లభించింది.

చివరి దశ

"ది హోమ్‌కమింగ్" (1965), "బిట్రేయల్" (1978) ఇతని ప్రసిద్ధ రంగస్థల నాటకాలు. ప్రముఖుడైన తరువాత కూడా రేడియోను విడువక 1980లో "ఫ్యామిలీ వాయిసెస్" వ్రాశాడు. స్వరకర్త జేమ్స్ క్లార్క్‌తో కలిసి రూపొందించిన "వాయిసెస్" ఇతని 75వ పుట్టినరోజున రేడియోలో ప్రసారమయింది. మూడు రోజులకే నోబెల్ బహుమతి ప్రకటించారు. అనారోగ్యం వలన స్టాక్‌హోం వెళ్ళలేక, చక్రాల కుర్చీలో కూర్చుని ప్రసంగాన్ని లండన్‌లో వీడియోపై రికార్డు చేయించి పంపాడు. 2006లో బెకెట్ నాటకం "క్రాప్స్ లాస్ట్ టేప్"లో నటించాడు. 2008 డిసెంబరు 24న లండన్‌లో క్యాన్సరుతో మరణించాడు.