ముఖం నిలిపిన కుంచెలు

రాజమండ్రి దగ్గరి కోరుకొండను ఏలిన కొప్పుల ముమ్మడి నాయకుడి పేరు శాసనాల్లో ఉంది. 14వ శతాబ్దంలో ఈ కొండ చుట్టుపట్ల సీమ ఆయనది. వంశం పేరు, చేసిన పనులు రాతికెక్కాయి. ముక్కు తీరు, చూపులో పదును మాత్రం ఎక్కడా లేవు. మన పాలకుల్లో రూపం మిగిల్చుకున్న కొద్దిమందీ దేవుడి ఎదుట చేతులు జోడించి నిలబడ్డారు. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరుల లోహ విగ్రహాలు చూసినవారికి ఆ సంగతి తెలుసు. అక్కడ ముందు కనిపించేది భక్తి. మనిషి ఆ తరువాత.

కొత్తగా స్వతంత్రమైన అమెరికాలో ఇందుకు పూర్తిగా భిన్నమైన అవసరం పుట్టింది. ఇంగ్లండు రాజును వదిలించుకున్న దేశం అది. సింహాసనం లేదు, కిరీటం లేదు. కోర్టుల్లో, శాసనసభల్లో, నగర మందిరాల్లో రాజుగారి పటం ఉండాల్సిన చోట ఎవరిని పెట్టాలి? జనం ఎన్నుకున్నవారిని, యుద్ధంలో ముందు నిలిచినవారిని పెట్టారు. చిత్రకారులకు చేతినిండా పని దొరికింది. గిల్బర్ట్ స్టువర్ట్ 1796లో జార్జి వాషింగ్టన్‌ను ఎదుట కూర్చోబెట్టుకుని గీసిన ఒక చిత్రాన్ని పూర్తి చేయకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు. దాన్ని చూస్తూ డజన్ల కొద్దీ నకళ్లు గీసి అమ్మాడు. ఒక డాలరు నోటు మీద ఈనాటికీ కనిపించే ముఖానికి మూలం అదే. 1814 ఆగస్టులో ఆంగ్ల సైన్యం వాషింగ్టన్ నగరం మీదికి వస్తుంటే, అధ్యక్షుడి భార్య డాలీ మాడిసన్ జార్జి వాషింగ్టన్ నిలువెత్తు చిత్రాన్ని భద్రం చేయించాకే వైట్‌హౌస్ వదిలి కదిలింది. ఫ్రేము ఊడిరాకపోతే పగలగొట్టించింది.

అలాంటి చిత్రం ఒకటి బంగాళాఖాతం దాకా వచ్చింది. 1801లో అమెరికా వర్తకులు, కలకత్తాలో తమ వ్యాపార వ్యవహారాలు చక్కబెట్టిన రామ్‌దులాల్ డే అనే బెంగాలీ వ్యాపారికి కృతజ్ఞతగా వాషింగ్టన్ నిలువెత్తు రూపచిత్రం కానుకగా పంపారు. గీసినవాడు విలియం విన్‌స్టాన్లీ. ఒక కొత్త దేశం తన పెద్దమనిషి ముఖాన్ని పరిచయపత్రంలా పరాయి ఊరికి పంపిందంటే, ఆ ముఖం మీద దానికి ఎంత నమ్మకమో ఊహించవచ్చు.

ఈ కథలన్నిటిలోనూ నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది జార్జ్ హీలీ కథ. బోస్టన్‌లో 1813లో పుట్టిన ఈ చిత్రకారుణ్ణి, ప్రసిద్ధులైన అమెరికన్ల చిత్రాలు గీసి తెమ్మని ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ పంపించాడు. 1845లో హీలీ టెనెసీలోని హెర్మిటేజ్‌కు చేరేసరికి మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ అవసాన దశలో ఉన్నాడు. ఒళ్లంతా నీరు పట్టింది. దిండ్ల ఆసరా లేనిదే కూర్చోలేడు. మొదట తన వల్ల కాదన్నాడు. దత్తపుత్రుడి భార్య నచ్చజెబితే ఒప్పుకున్నాడు. చిత్రం పూర్తయింది. జూన్ 8న జాక్సన్ కన్నుమూశాడు.

కెమెరా అప్పటికే వచ్చింది. అదే ఏడాది జాక్సన్‌ను ఫొటో కూడా తీశారు. ఫొటో ఆ క్షణంలో ముఖం ఎలా ఉందో పట్టుకుంది. హీలీ మాత్రం మళ్లీ మళ్లీ ఆయన ఎదుట కూర్చుని, నొప్పి వచ్చినప్పుడు ముఖం ఎలా మారుతోందో, తగ్గాక ఎలా తేరుకుంటోందో చూస్తూ గీశాడు. అయితే కుంచె చెప్పని సంగతులు కూడా మనం మరిచిపోకూడదు. ఆదివాసులను సొంత నేల నుంచి వెళ్లగొట్టిన 1830 నాటి చట్టం మీద సంతకం జాక్సన్‌దే. ఆ హెర్మిటేజ్ పొలాల్లో చాకిరీ చేసింది బానిసలు. వారి ముఖాలు గీసి తెమ్మని ఏ రాజూ ఎవరినీ పంపలేదు.

ఈ మాట మన గడ్డకూ వర్తిస్తుంది. గోదావరి జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. 1875 నుంచి 1880 వరకు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు. 1876లో మద్రాసు ప్రదర్శనలో రవివర్మ శకుంతల చిత్రాన్ని కొన్నది ఆయనే. తరువాత తన నిలువెత్తు చిత్రం రవివర్మ చేతనే గీయించుకున్నాడు. అంతవరకు దొరల చిత్రాలు గీసే పని ఎక్కువగా దొరలకే దక్కేది. ఒక భారతీయుడి ఎదుట గవర్నరు కదలకుండా నిలబడ్డాడన్నది చిన్న విషయం కాదు.

కానీ అవే సంవత్సరాల్లో, 1876–78లో, మద్రాసు రాజధానిని మహా కరువు కబళించింది. మద్రాసు నగరంలో కాలవ తవ్వకం కరువు పనిగా సాగింది. ఆకలితో వచ్చినవాళ్లు మట్టి మోశారు. కాలవకు డ్యూకు పేరు పెట్టారు. ఉత్తరాన కృష్ణా, గోదావరి డెల్టా కాలవలతో అది కలిసింది. కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలు నడిచాయి. మెట్ట ఊరైన కోరుకొండకు ధవళేశ్వరం కాలవల నీరు అందకపోయినా, డెల్టాలోని మన చుట్టాల వడ్లు వెళ్లింది ఆ నీటి దారినే. కరువు బాధితులకు దక్కింది కెమెరా. విలోబీ హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. డ్యూకు చిత్రం కింద డ్యూకు పేరుంటుంది. ఈ ఫొటోల్లోని వాళ్లకు పేర్లు లేవు.

రవివర్మ, కందుకూరి వీరేశలింగం ఇద్దరూ 1848 ఏప్రిల్‌లోనే పుట్టారు. తేడా పదమూడు రోజులు. పంతులుగారు రాజమండ్రిలో వితంతు వివాహాలు చేయిస్తున్న కాలంలో రవివర్మ సంస్థానాల వెంట తిరుగుతూ రాజుల ముఖాలు గీస్తున్నాడు. ఆ ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చుని ఉంటే మనకు ఎలాంటి చిత్రం మిగిలేదో అని ఆశగా అనిపిస్తుంది.

రాజమండ్రికి సొంత చిత్రకారుడు ఆ తరువాతి తరంలో వచ్చాడు. 1897లో పుట్టిన దామెర్ల రామారావు చేతిలోని ప్రతిభను గుర్తించినవాడు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లాడు. మనిషిని ఎదుట పెట్టుకుని గీయడంలో పాశ్చాత్యుల ఒడుపంతా అక్కడ నేర్చాడు. ఆ విద్యతో జమీందార్ల ఇళ్లూ, దొరల బంగళాలూ తిరిగి బతకవచ్చు. కానీ ఆయన రాజమండ్రికి తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టాడు. గోదావరి ఒడ్డును, కొండలను, పురాణ కథలను, మన ఆడవాళ్ల నడకను, కట్టును గీశాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. 1925లో మశూచి ఆయనను తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

ఆ బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. కోరుకొండ నుంచి బస్సెక్కితే గంట లోపు ప్రయాణం. పిల్లలను పుష్కరఘాట్‌కు తీసుకెళ్లే మాస్టార్లు ఇక్కడికీ తీసుకురావాలని నా కోరిక. అచ్చులో చూసిన బొమ్మలో రంగు కనిపిస్తుంది గానీ, కుంచె ఎక్కడ ఆగిందో, ఎక్కడ మళ్లీ వెనక్కి వచ్చి దిద్దిందో అసలు చిత్రం ముందు నిలబడితేనే తెలుస్తుంది.