రాజమండ్రి నుంచి బెజవాడకు లాకుల దారిలో

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. సర్వీసు విశేషాలు రాద్దామంటే నా సర్వీసంతా ఫైళ్ళతోనే గడిచింది. అందుచేత 1966 ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా పడవ మీద చేసిన బదిలీ ప్రయాణం గురించీ, ఆ కాలువల పూర్వచరిత్ర గురించీ నాలుగు మాటలు రాస్తున్నాను. మన సభ్యులలో కాలువ గట్లమీద పెరిగినవారు చాలామంది ఉన్నారు. పొరపాట్లు ఉంటే మన్నించాలి.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి మూడేళ్ళు. ధవళేశ్వరంలో కాలువల పనులు చూసే ఒక ఆఫీసులో లోయర్ డివిజన్ క్లర్కుని. లాకు తలుపులకు టేకు దుంగలు, ఇనుప బందులు, తారు, ఇలా ఎన్నో ఇండెంట్లు నా చేతిమీదుగా వెళ్ళాయి. కానీ లాకులోంచి పడవ ఎలా దాటుతుందో దగ్గరుండి ఒక్కసారి కూడా చూడలేదు. మా ఆవిడ సంగతి వేరు. ఆవిడ తండ్రి గారు కాకినాడ కాలువ మీద లాకు సూపరింటెండెంటుగా చేశారు. ఆవిడ పుట్టి పెరిగింది లాకు క్వార్టర్సులోనే.

బెజవాడకు బదిలీ ఉత్తర్వు వచ్చేసరికి ఆవిడకు మూడో నెల. అంతకు ముందు ఏడాది ఒక కాన్పు నిలవలేదు. ఈసారి కుదుపులు తగలకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రైలైతే ఒక్క పూట ప్రయాణమే. కానీ స్టేషనుకు జట్కా, మెట్లు, జనం, మళ్ళీ అక్కడ రిక్షా. "పడవలో అయితే కడుపులో చల్ల కదలకుండా వెళ్ళచ్చు" అని మా అత్తగారు అన్నారు. నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. "అమ్మ చెప్పింది నిజమేనండీ. పడవ మీదే వెళదాం" అంది.

వెదురు వేసుకుని బెజవాడ వెళ్తున్న పడవ ఒకటి కుదిరింది. ఏజెన్సీ నుంచి గోదావరి మీద రాజమండ్రికి దిగిన వెదురు అది. బొంగుల మీద చాపలు పరిచి, పైన తాటాకు గూడు కట్టారు. మా సామాను రెండు ట్రంకుపెట్టెలు, పరుపు చుట్ట, రుబ్బురోలు, ఒక కావడిపెట్టె. రుబ్బురోలు ఎందుకన్నాను. బెజవాడలో దొరకదా అన్నాను. దొరికే వస్తువు వేరు, తనది వేరు అంది.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్టకు ఎగువన తెరచాప ఎత్తి నదికి అడ్డంగా పశ్చిమ గట్టుకు, విజ్జేశ్వరానికి చేరాము. అక్కడి హెడ్ లాకులోంచి కాలువలోకి దిగాలి. పడవ లాకు గదిలోకి వెళ్ళగానే వెనక తలుపులు మూశారు. లస్కర్లు ముందు తలుపుల అడుగున ఉన్న చిన్న తూములు ఎత్తారు. నీరు కిందికి పోతుంటే, మా పడవ రాతి గోడల మధ్య బావిలో బొక్కెనలా నెమ్మదిగా దిగింది. ఆ తలుపుల్ని మనుషులు తోస్తే ఎందుకు తెరుచుకోవని అడిగాను. "మూసిన తలుపులు రెండూ కలిసేచోట పై నీటి వైపుకి కొంచెం ముందుకు పొడుచుకుని ఉంటాయి చూడండి. పై నీళ్ళే వాటిని అదిమి పట్టుకుంటాయి. లోపలా బయటా నీళ్ళు ఒక్క మట్టానికి వచ్చేదాకా ఏనుగును కట్టి లాగినా రావు. వచ్చాక ఇద్దరు మనుషులు చాలు" అని మా ఆవిడ విడమరచి చెప్పింది. మూడేళ్ళుగా ఇండెంట్లు రాసిన నాకు ఆ తలుపులు వాలుగా ఎందుకు పెడతారో ఆనాడు తెలిసింది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. 1832-33లో వచ్చిన నందన కరువు పెద్దల నోట మనమందరం విన్నదే. గోదావరి నిండా నీళ్ళు సముద్రంలోకి పోతుంటే గట్టున జనం తిండిలేక పోయారు. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేయించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని లంకల మధ్య నాలుగు భాగాలుగా కట్టారు. ఆ పనుల్లో ఆయనకు కుడిభుజంగా ఉన్న మన తెలుగువాడు వీణం వీరన్న గారు. ఆయన పేరు మన పిల్లలకు చెప్పేవారు తక్కువ. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1852లో మొదలై 1855కి అయింది. కాటన్ దృష్టిలో కాలువంటే ఒక్క సేద్యానికే కాదు, రాకపోకలకు కూడా. ఈ దేశానికి రైళ్ళకన్నా నీటి దారులే చవక అని 1878లో పార్లమెంటు కమిటీ ఎదుట కూడా వాదించాడు. రైలు కంపెనీలవారికి ఆ మాట రుచించలేదనుకోండి.

ఆ ఆలోచనతోనే కాలువలకు లాకులు పెట్టారు. విజ్జేశ్వరం నుంచి గోదావరి నీరు, బెజవాడ నుంచి కృష్ణ నీరు ఏలూరు వైపుకు వస్తాయి. రెండు కాలువలూ ఏలూరులో కలుస్తాయి. మ్యాపు చూస్తే కారణం తెలుస్తుంది. రెండు డెల్టాల మధ్య పల్లం అక్కడే, కొల్లేరు ఉన్నదీ అక్కడే. అందుచేత రాజమండ్రి నుంచి బెజవాడ వెళ్ళే పడవకు సగం దారి వాలు, సగం దారి ఎదురు. బెజవాడ దగ్గర కృష్ణ దాటి పశ్చిమ కాలువలో పడితే దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువ, దాని చివర పెదగంజాం. అక్కడినుంచి బకింగ్‌హాం కాలువలో సముద్రం పక్కనే మద్రాసు దాకా. ఆ కాలువకు తొలి ముక్క 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వరకు కొక్రేన్ అనే ఆయన తవ్వించాడు. 1876-78 నాటి ధాత కరువులో కూలి పనికింద అడయారు, కూవం నదుల్ని కలుపుతూ తవ్వి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. కరువు కూలీలు గంజి తాగి తవ్విన దారి అది.

రైలు రాకముందు మన తాతలు మద్రాసు పట్నం వెళ్ళింది చాలావరకు ఈ దారినే. 1899లో బెజవాడ, మద్రాసు మధ్య రైలు కలిసింది. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచారు. దాంతో పెద్దమనుషులు పడవ దిగి రైలెక్కారు. వరి, ఉప్పు, కట్టెలు, వెదురు మాత్రం ఇంకో డెబ్బయి ఏళ్ళు పడవ మీదే నడిచాయి.

మా ప్రయాణానికి వస్తాను. నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా వాలు ప్రయాణం, హాయిగా జరిగింది. పగలు ఎండ మండిపోయినా గూడు కింద చల్లగా ఉండేది. పడవవాళ్ళు మట్టి పొయ్యి మీద చేపల పులుసు పెట్టుకుంటే మా ఆవిడకు వేవిళ్ళు. సరంగు అది కనిపెట్టి మర్నాటి నుంచి పొయ్యి తీసి గట్టుమీద పెట్టించాడు. "ఆయ్, మాకు అలవాటేనండి. అమ్మాయిగారికి ఇబ్బంది కదండి" అన్నాడు. ఆవిడ మూడు పూటలా మాగాయ, పెరుగన్నం. ప్రతి లాకు దగ్గరా దిగి, సూపరింటెండెంటు గారి భార్యను పలకరించి, తండ్రి గారి పేరు చెప్పేది. వాళ్ళు మజ్జిగ ఇచ్చేవారు. లాకు ఉద్యోగులందరూ ఒక కుటుంబమని నాకు అప్పుడే తెలిసింది.

ఏలూరు దాటాక ఎదురు ప్రయాణం. ఇద్దరు కళాసులు భుజాన తాడు వేసుకుని గట్టుమీద నడుస్తూ లాగేవారు. ఒకడు గెడ వేసేవాడు. సరంగు చుక్కాని దగ్గర. ఆ మనుషుల భుజాలమీద తాడు ఒరిసిన మచ్చలు నల్లగా కాయలు కాసి ఉన్నాయి. నీటి దారి చవక అని కాటన్ దొర వేసిన లెక్కలో ఆ భుజాలు కూడా ఉన్నాయని నాకు అనిపించింది.

ఏటా వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారని మీకు తెలుసు. ఆ ఏడు మా అంచనా కంటే రెండు రోజులు ముందే నీరు తగ్గడం మొదలైంది. ఐదో రోజు సాయంత్రం పడవ అడుగు బురదకు తగిలి నిలిచిపోయింది. కళాసులు నడుంలోతు నీటిలో దిగి తోశారు. కదలలేదు. సగం వెదురు గట్టుమీదికి దించారు. అయినా కదలలేదు. పైన లాకు రెండు మైళ్ళు. అంతలో చీకటి పడింది.

ఆ రాత్రి తొమ్మిది దాటాక మా ఆవిడ "నడుం లాగుతోందండీ" అంది. కిందటేడు కూడా అలాగే మొదలైంది. నాకు చేతులు వణికాయి. చుట్టూ చేలు, కోతలైపోయి బీటలు వేసిన మళ్ళు, దూరంగా ఎక్కడో కుక్కలు. కుదుపు లేకుండా తీసుకువెళదామని వచ్చి కదలలేని చోట పడ్డాము. రైలెక్కి ఉంటే ఐదు రోజుల కిందటే ఆస్పత్రి ఉన్న ఊళ్ళో ఉండేవాళ్ళం కదా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఆవిడ మాత్రం "మీరు కంగారుపడకండి. లాకు దగ్గరికి మనిషిని పంపండి. అక్కడ ఆడవాళ్ళుంటారు" అంది. సరంగు లాంతరు తీసుకుని తనే వెళ్ళాడు.

పదకొండున్నరకు గట్టుమీద రెండు లాంతర్లు కనిపించాయి. లాకు సూపరింటెండెంటు గారి భార్య, అరవై ఏళ్ళావిడ, చెప్పులు లేకుండా రెండు మైళ్ళూ నడిచి వచ్చింది. నన్ను గూడులోంచి బయటికి పంపేసింది. కాసేపటికి "భయం లేదు బాబూ. ఎండదెబ్బ, దానికితోడు పస్తు. పులుపు తప్ప ఏం తింటోంది పిల్ల?" అని నన్నే కేకలేసింది. జీలకర్ర కాచి ఇచ్చి, కాళ్ళకింద పరుపు చుట్ట ఎత్తు పెట్టి, తెల్లవారేదాకా పక్కనే కూచుంది. నేను గట్టుమీద వెదురు బొంగులపై కూచున్నాను. తెల్లవారుజామున నొప్పి సద్దుమణిగింది.

సూర్యోదయానికి ముందు పడవ కొద్దిగా ఊగింది. ఎవరూ తోయలేదు. నీరు పెరుగుతోంది! ఆవిడ భర్త లాకు తూములెత్తి, పైన నిలవున్న నీరు కొంత కిందికి వదిలారు. కాలువ కట్టేసే రోజుల్లో అలా వదలడం ఏ ఉత్తర్వు కిందికి వస్తుందో క్లర్కునైన నాకు బాగా తెలుసు. ఆ సంగతి ఏ కాగితంలోనూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆ దంపతులిద్దరూ ఏనాడో పోయారు. లాకు దాటుతున్నప్పుడు ఆయనకు నమస్కారం పెడితే, "మీ మామగారు నాకు పని నేర్పారు" అని మాత్రం అన్నారు.

ఆరో రోజు రాత్రి బెజవాడ చేరాము. అక్టోబరులో మా అమ్మాయి పుట్టింది.

మరో ముచ్చట. టి.ఎ. బిల్లు పెడితే, రైలు ఉండగా పడవలో ఎందుకు వచ్చారు, టికెట్టు ఏది అని అబ్జెక్షను వేశారు. పడవకు టికెట్టు ఉండదని, రైలుకన్నా తక్కువే అయిందని, లాకుల దగ్గర ఇచ్చిన రసీదులు జతచేసి జవాబు రాశాను. టికెట్టు మళ్ళీ అడిగారు. ఆ ఆఫీసు పేరెందుకు గాని, నలభై మూడు రూపాయలు చేతికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

మేము వెళ్ళినప్పటికే పడవలు తగ్గుముఖం పట్టాయి. లారీ ఇంటి గుమ్మం దాకా వస్తుంది, వేసవిలో కాలువలా కట్టెయ్యదు. క్రమంగా తలుపుల మరమ్మతుకు ఇండెంట్లు రావడం మానేశాయి. నేను మళ్ళీ ధవళేశ్వరం వచ్చేనాటికి ఆ ఫైలే లేదు. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బరాజ్‌కు కాటన్ పేరు పెట్టి 1982లో జాతికి అంకితం చేశారు. కృష్ణ ఆనకట్ట 1952లో గండి పడితే, 1957కి ప్రకాశం బరాజ్ వచ్చింది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువల దారినే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పేపర్లో చదివి మా ఆవిడకు వినిపించాను. "లాకులు బాగుచేస్తారా?" అని అడిగింది.

2018లో మా అమ్మాయి కారులో మమ్మల్ని ఏలూరు కాలువ వెంట తీసుకువెళ్ళింది. నీరు వదిలిన ఆ లాకు ఏదో గుర్తుపట్టింది మా ఆవిడే. క్వార్టర్సుకు కప్పు లేదు. లాకు గది నిండా గుర్రపుడెక్క. ఒక తలుపు సగం విరిగి నీటిలోకి ఒరిగి ఉంది, ఇనుప బందులు ఎవరో ఊడదీసుకుపోయారు. రాతి గోడ మీద తాళ్ళు ఒరిసి పడిన గాడులు మాత్రం అలాగే ఉన్నాయి. మా ఆవిడ చేతికర్ర నాకిచ్చి, రెండు అరచేతులూ వాలుగా కలిపి, తలుపులు ఎలా మూసుకునేవో, నీళ్ళు ఎలా అదిమి పట్టేవో అమ్మాయికి చూపించింది.

"అయితే నేనూ ఈ పడవ ఎక్కినట్టేగా అమ్మా?" అంది అమ్మాయి.

"ఎక్కావు, టికెట్టు లేకుండా" అంది మా ఆవిడ.