సంస్థానముల సీమలో పరిశోధన

గద్వాలను మన పెద్దలు ‘విద్వద్గద్వాల’ అని పిలిచేవారు. కవులకు, పండితులకు ఆ సంస్థాన ప్రభువులు చూపిన ఆదరము ఆ పేరులో నిలిచి ఉన్నది. తిరుపతి వేంకట కవులు అవధానములు చేయుచు దర్శించిన సంస్థానములలో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు ముఖ్యమైనవి. ఈ కథలు మనము తరచుగా వినుచున్నవే. కాని సభ వేరు, పరిశోధన వేరు. సభలో పండితుడు తనకు తెలిసిన దానిని నిలబెట్టుకొనును. పరిశోధకుడు తనకు తెలియని దానిని వెదకుకొనుచు బయలుదేరును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలకు సభల చరిత్రతో పాటు పరిశోధన చరిత్ర కూడ ఉన్నది. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొందము.

మొదట వనపర్తి. మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము కొరకు ఊరూర తిరిగి తాళపత్రములు సేకరించిన మానవల్లి రామకృష్ణకవిగారు వనపర్తి సంస్థానమున కొంతకాలము కొలువులో ఉన్నారు. ‘విస్మృత కవులు’ అను పేర ఆయన ఒక గ్రంథమాలను వెలువరించినారు. 1909లో నన్నెచోడుని ‘కుమారసంభవము’ ఆయన వలననే వెలుగు చూచినది. ఈ కవి నన్నయకంటె పూర్వుడని రామకృష్ణకవిగారు వాదించినారు. పలువురు పండితులు కాదన్నారు. ఏండ్ల తరబడి చర్చలు సాగినవి. నేడు ఆ కాలనిర్ణయమును అంగీకరించువారు తక్కువ. అయినను కావ్యము మాత్రము మనకు దక్కినది. పరిశోధకుని మాట తరువాతివారి పరీక్షకు నిలువక పోవచ్చును; ఆయన వెదకి తెచ్చిన సామగ్రి ఆ పరీక్షకే ఆధారమగును. ఇది మనము గుర్తుంచుకొనదగిన మొదటి పాఠము.

రెండవది గద్వాల సీమ. సురవరం ప్రతాపరెడ్డిగారు 1896లో బోరవెల్లిలో జన్మించినారు. వారి స్వగ్రామము ఇటికాలపాడు. ఈ రెండు ఊళ్ళు నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనివే. ఉన్నత విద్య కొరకు ఆయన మద్రాసు పోవలసి వచ్చినది. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినను, అక్కడి బోధన ఉర్దూలో. 1926లో ప్రతాపరెడ్డిగారు ‘గోలకొండ పత్రిక’ను స్థాపించినారు. తెలంగాణమున తెలుగు కవులే లేరని ఒకరు వ్రాయగా, ఆయన కోపముతో ఊరకుండలేదు. ఊరూరికి వ్రాసి కవుల వివరములను, పద్యములను తెప్పించినారు. 1934లో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులు కనిపించినారు. నింద వచ్చినప్పుడు లెక్కతో, ఆధారముతో బదులు చెప్పుట ఎట్లో ఆ సంచిక చూపినది.

ఆయన 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఇంకొక మెట్టు పైకి పోయినది. రాజుల యుద్ధములకు, వంశావళులకు బదులు సామాన్యులు ఏమి తిన్నారు, ఏమి కట్టినారు, ఏ ఆటలాడినారు, ఏ వ్యాపారములు చేసినారు అని ఆయన అడిగినారు. జవాబుల కొరకు ‘క్రీడాభిరామము’, ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’ వంటి కావ్యములను గాలించినారు. రసము కొరకు చదివిన పద్యములు సాక్ష్యములైనవి. 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన ప్రతాపరెడ్డిగారు 1953లో కన్నుమూసినారు. 1955లో ఈ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. తెలుగున ఆ గౌరవము పొందిన మొదటి గ్రంథమిదే.

మూడవది నాగర్‌కర్నూలు సీమ. అక్కడి అమ్రాబాదు పీఠభూమికి 1940లో ఆస్ట్రియా దేశీయుడైన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రవేత్త వచ్చినారు. నల్లమల చెంచుల నడుమ ఉండి, వారు దుంపలు త్రవ్వుట, తేనె తీయుట, గుడిసె కట్టుట, పెండ్లి, చావు అన్నియు కన్నులార చూచి వ్రాసుకొన్నారు. 1943లో చెంచులపై ఆయన గ్రంథము వెలువడినది. పుస్తకమే కాక మనిషి బ్రతుకు కూడ పరిశోధనకు ఆధారమని ఆ గ్రంథము వలన మనకు తెలిసినది.

ఈ ముగ్గురి కథలను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన మాకు ఒక విషయము తోచినది. పరిశోధనకు కావలసిన సామగ్రిని ఈ సీమ పుష్కలముగా ఇచ్చినది. పరిశోధకుని తయారుచేయు విద్యాపీఠము మాత్రము ఇచ్చట లేకపోయినది. ఒకరు మద్రాసు నుండి, మరొకరు మద్రాసు పోయివచ్చి, ఇంకొకరు ఐరోపా నుండి ఈ పని చేసినారు. ఈ సీమ బిడ్డలలో వేలమంది పొట్టచేత పట్టుకొని ‘పాలమూరు కూలీలు’ అన్న పేరుతో దేశదేశముల ఆనకట్టలకు మట్టి మోసినారు. వారిని గూర్చి ఇతరులు వ్రాసినారు. వారు వ్రాయుటకు వీలు కలుగలేదు.

ఇప్పుడు ఆ లోటు తీరుచున్నది. 1959లో వనపర్తి రాజప్రాసాదమున పాలిటెక్నిక్ కళాశాల వెలసినది. ప్రభువుల మేడ పేదపిల్లల బడి అగుట చిన్న మార్పు కాదు. 2008లో మహబూబ్‌నగరున పాలమూరు విశ్వవిద్యాలయము స్థాపితమైనది. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలైనవి. 2022లో వనపర్తికి, నాగర్‌కర్నూలుకు, 2024లో గద్వాలకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. 2025లో తెలుగు విశ్వవిద్యాలయమునకు సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టుటకు రాష్ట్ర శాసనసభ బిల్లును ఆమోదించినది.

భవనములు లేచినవి, పేర్లు పెట్టినారు. ఇక ప్రశ్నలు ఎవరు అడుగవలెను? మా మట్టుకు మేము కొన్నింటిని ముందుంచెదము. 1981 ప్రాంతమున శ్రీశైలం జలాశయము నిండగా కృష్ణా తీరమున అనేక గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపురమునకు తరలించినారు. గుడిని తరలించగలిగిన మనము ఆ ఊళ్ళ పొలముల పేర్లను, పాటలను, చుట్టరికములను ఎక్కడ భద్రపరచినాము? గద్వాల చీరలో నూలు ఒడలికి పట్టు అంచును జతకూర్చు నేర్పు నేతగాని చేతిలో ఉన్నది. దానిని అతని మాటలలోనే వ్రాసి ఉంచినవారెవరు? చెంచు బాలిక విశ్వవిద్యాలయమున చేరి, తన తాతలను గూర్చి ఐరోపా పండితుడు వ్రాసిన దానిలో తప్పొప్పులు ఎంచు దినము ఎప్పుడు వచ్చును? ఈ పనులకు గొప్ప యంత్రములు అక్కర లేదు. అడుగు మనస్సు, ఓపిక, నిజాయితీ కావలెను. ముసలివారు పోయిన కొలది, తాళపత్రములు చెదలకు తినబడిన కొలది సాక్ష్యము తరిగిపోవును. వ్యవధి తక్కువ.

ఇందులో కళాశాలలకే కాదు, గృహస్థులకు కూడ పాత్ర కలదు. మీ ఇంటి అటకమీద పాత తాళపత్రము గాని, తాతగారి లెక్కల పుస్తకము గాని, వలసపోయిన కాలపు ఉత్తరము గాని ఉన్నచో పారవేయవలదు. ఇంట చదువుకొనుచున్న పిల్లవాని చేతికి దానిని ఇచ్చి, అది ఎవరిదో, ఎప్పటిదో మీకు తెలిసినంత చెప్పి వ్రాయించుడు. ప్రతాపరెడ్డిగారికి ఊరూర నుండి కవుల వివరములు పంపినవారు కూడ మీవంటి గృహస్థులే.