పావుగంటకో టీఎంసీ

2024 సెప్టెంబరు 2, సోమవారం. సీతానగరం ఒడ్డున నిలబడ్డారు మీరు. ఎదురుగా కృష్ణా నది మీద ప్రకాశం బ్యారేజీ. 70 గేట్లూ పైకి ఎత్తేశారు. ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతూ దూకుతున్నాయి. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర ఇరుక్కున్నాయి. పక్కాయన చెవి దగ్గరికొచ్చి అరిస్తేగానీ మాట వినపడట్లేదు.

“పదకొండు లక్షల నలభై మూడు వేల క్యూసెక్కులంట!”

బ్యారేజీ చరిత్రలో ఇంత వరద ఎన్నడూ రాలేదు. సరే, అంటే ఎన్ని నీళ్లు?

సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే క్యూసెక్కు. ఇంట్లో కొలతలో 28 లీటర్లు, అంటే సుమారు రెండు బిందెలు. ఇప్పుడు నీళ్లవైపు చూస్తూ “ఒకటి” అనండి. ఆ మాట పూర్తయ్యేలోపు మూడు కోట్ల లీటర్ల పైచిలుకు మీ ముందు నుంచి వెళ్లిపోయింది. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే ఆరు వేలకు పైనే.

క్యూసెక్కు పారకం లెక్క, టీఎంసీ నిల్వ లెక్క. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ. రోజంతా 11,574 క్యూసెక్కులు ఆగకుండా పారితే అది నిండుతుంది. దాన్ని పొలాల్లో పరిస్తే దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలుస్తుంది.

వాచీ చూసుకోండి. ఈ ఉద్ధృతిలో టీఎంసీ దాటిపోవడానికి పావుగంట కూడా పట్టదు. బ్యారేజీ పట్టేదే 3.07 టీఎంసీలు, అంత నీరు ముప్పావుగంటలో దిగువకు పోతోంది. ఇదే జోరు 14 గంటలు నిలిస్తే, 13 లక్షల ఎకరాల కృష్ణా డెల్టా మొత్తం మీద అడుగు నీరు పెట్టవచ్చు. కానీ ఆపుకునే చోటు లేదు. అంతా హంసలదీవి వైపు, సముద్రంలోకి.

నదికి ఆవల విజయవాడలో, బుడమేరు వాగు ముంచెత్తిన సింగ్‌నగర్‌లో జనం మేడల మీద నుంచి చేతులు చాస్తున్నారు. పడవలో వచ్చిన తాగునీటి సీసా కోసం. అక్కడ ఆ రోజు నీటి కొలత టీఎంసీ కాదు, క్యూసెక్కూ కాదు. మనిషికో లీటరు.