దీవిగా మారిన కొండ, మునిగిన ఊరు: నాగార్జునకొండ లోయ స్థానిక చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లా మాచర్ల మండలంలోని విజయపురి సౌత్ నుండి లాంచీలో నాగార్జునకొండకు వెళ్లే సందర్శకుడు దానిని దీవిగానే చూస్తాడు. కాని అది పుట్టుకతో దీవి కాదు. ఒకవైపు కృష్ణానది, తక్కిన వైపుల నల్లమల కొండల వరుసలు చుట్టుకొని ఉన్న లోయ మధ్యలో నిలిచిన గుట్ట అది. దాని పాదంలో పొలాలు, బాటలు, ఇళ్లు ఉండేవి. సాగర్ జలాశయం నిండడంతో గుట్ట దీవి అయింది, ఊరు అడుగున మిగిలింది. ఈ లోయ చరిత్రను రాజవంశాల, బౌద్ధ విహారాల చరిత్రగానే కాక, మనుషులు కాపురమున్న చోటి చరిత్రగా చదవవలసిన అవసరాన్ని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శాసనాల్లో నివాసం

నాగార్జునకొండ అనే పేరు తర్వాతి కాలానిది. ఇక్ష్వాకుల శాసనాల్లో ఈ ప్రాంతం శ్రీపర్వతం, విజయపురి అనే పేర్లతో కనిపిస్తుంది. క్రీ.శ. 3వ శతాబ్దంలో వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు స్థాపించిన రాజ్యానికి విజయపురి రాజధాని. అతని సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి చేసిన దానాలు సుప్రసిద్ధాలు. అయితే రాజకుటుంబానికి చెందని ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనం స్థానిక చరిత్రకారునికి అంతకంటె విలువైనది. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరానికి చెందిన ఈ శాసనం, విజయపురికి తూర్పు దిశలో శ్రీపర్వతంపై ఉన్న చులధమ్మగిరి విహారాన్ని పేర్కొంటుంది. అంటే విహారపు ఉనికిని నగరాన్ని బట్టి చెప్పింది. బోధిశ్రీ చేయించిన పనుల జాబితాలో చైత్యగృహంతో పాటు తటాకం కూడా ఉంది. ఒక గృహస్థురాలి దానశీలం వెనుక సంపన్నమైన నివాస సమాజం ఉన్నదని దీనివల్ల స్పష్టమవుతుంది.

తవ్వకాల్లో బయటపడిన ఇళ్లు, బావులు, స్వర్ణకారుని పనిముట్లు ఈ విషయాన్నే బలపరుస్తున్నాయి. మృతుల స్మారకంగా నిలిపిన ఛాయాస్తంభాలు రాజులకే పరిమితం కాలేదు. సేనానులకు, వృత్తికారులకు కూడా అవి లభించాయి.

పుల్లారెడ్డిగూడెం

ఇక్ష్వాకుల తర్వాత ఈ లోయ నిర్జనం కాలేదు. మధ్యయుగంలో కొండపై కోట వెలసింది. 20వ శతాబ్దం నాటికి లోయలో పుల్లారెడ్డిగూడెం అనే చిన్న గ్రామం ఉంది. పురావస్తు నివేదికల్లో ఈ ఊరి ప్రస్తావన శిథిలాలకు గుర్తుగా మాత్రమే వస్తుంది. ఇక్కడి ప్రాచీన స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలియజేసినవాడు సురపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు. తర్వాత 1926లో మద్రాసు శాసన విభాగానికి చెందిన సరస్వతి ఈ స్థలాన్ని పరిశీలించాడు. లాంగ్‌హర్స్ట్ 1927–31 మధ్య తవ్వకాలు జరిపాడు. పండితుల రాకకు ముందే ఆ స్తంభాల విలువను గుర్తించింది స్థానికుని చూపేనన్న విషయం మరువరానిది.

మునక

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. లోయ మునిగిపోనున్నందున 1954–60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో వందకు పైగా స్థలాల్లో తవ్వకాలు సాగాయి. మహాచైత్యం, స్నానఘట్టం వంటి ముఖ్య కట్టడాలను కొండపైన, మరికొన్నింటిని అనుపు వద్ద పునర్నిర్మించారు. 1966లో కొండపై ప్రదర్శనశాల ఏర్పడింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేసింది. ఆ నీరు పల్నాటి మెట్టభూములకు జీవమిచ్చిందనేది కాదనలేని సత్యం.

ఇదే దశాబ్దంలో ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కారణంగా అబూసింబెల్ ఆలయాలను ఎత్తైన చోటికి తరలించారు. అక్కడ కూడా నూబియన్ గ్రామాలు నీటిపాలయ్యాయి. రెండు చోట్లా రాతి కట్టడాలను అంకెలు వేసి, విడదీసి, తిరిగి పేర్చగలిగారు. ఊరిని అలా పేర్చడం సాధ్యం కాదు. ఇరుగుపొరుగు, పొలం గట్టు, ఊరి దేవత, శ్మశానం, బావి దారి – ఇవన్నీ కలిసినప్పుడే అది ఊరవుతుంది.

ముగింపు

గ్రామ చరిత్రను నమోదు చేయడం తెలుగువారికి కొత్త కాదు. మెకంజీ సేకరించిన కైఫీయతులు ఊరి పుట్టుక, దేవాలయాలు, మాన్యాలు, కరణాల వంశాలను కరణాల నోట, కవిలెల ఆధారంగా గ్రంథస్థం చేశాయి. మునిగిన గ్రామాలకు అటువంటి కైఫీయతు ఇప్పుడు అవసరం. రెవెన్యూ దస్త్రాలు, పాత సర్వే పటాలు, పురావస్తు నివేదికలను నిర్వాసిత కుటుంబాల మౌఖిక కథనాలతో కలిపి చదవాలి. పదేళ్ల వయసులో ఆ లోయను విడిచినవారు నేడు డెబ్బై దాటినవారు. శాసనాలు ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి, వాటిని రేపు కూడా చదవవచ్చు. ఈ వృద్ధుల జ్ఞాపకాలకు ఆ వెసులుబాటు లేదు. పల్నాటి కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు ఈ పనిని ఉమ్మడిగా చేపడితే, దీవి కింద ఉన్న ఊరికి కనీసం అక్షరాల్లోనైనా చోటు దక్కుతుంది.