చెమట సూది చరిత్ర: సాసేజ్ నుంచి ఎల్బీనగర్ దాకా

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట నడిస్తే రెండు రకాల బోర్డులు ఎక్కువగా కనపడతాయి. ఒకటి కోచింగ్ సెంటర్లవి, రెండోది చర్మం-జుట్టు-లేజర్ క్లినిక్కులవి. ఈ రెండోరకం బోర్డుల మీద బొటాక్స్ అన్న మాట ఉంటే మనవాళ్ళు వెంటనే అనుకునేది సినిమావాళ్ళ ముడతల గురించే. అదే మందుని అతి చెమటకి కూడా వాడతారని చెప్తే చాలామంది నవ్వుతారు. "చెమటకి కూడా ఇంజెక్షనా, డబ్బులు ఎక్కువయ్యాయా?" అంటారు.

నాకు అరచేతుల చెమట స్కూల్ రోజులనుంచీ ఉంది. ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో షీటు కింద ఒక కర్చీఫ్, చేతి కింద ఒక కర్చీఫ్ పెట్టుకున్న బాపతు. ఆఫీసులో వేలిముద్ర మెషీన్ దగ్గర నా వెనక క్యూ పెరిగిపోతుంది. అందుకే ఈ మందు సంగతేంటో చదవడం మొదలుపెట్టాను. చదివాక తెలిసిందేమిటంటే, ముడతల కథ చాలా ఆలస్యంగా వచ్చింది. చెమట కథే పాతది!

ఈ కథ జర్మనీలో మొదలవుతుంది. వుర్టెంబర్గ్ ప్రాంతంలో పాడైన సాసేజ్‌లు తిని జనం చచ్చిపోతుండేవాళ్ళు. యుస్టినస్ కెర్నర్ అనే డాక్టరు (ఆయన కవి కూడా) అలాంటి కేసులు పోగేసి 1820లో ఒక పుస్తకం, 1822లో ఇంకొకటి వేశాడు. రోగులకి కండరాలు పడిపోవడంతోపాటు నోరు, కళ్ళు, చర్మం ఎండిపోతున్నాయని, చెమట ఆగిపోతోందని రాశాడు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా తన మీదే ప్రయోగించుకున్నాడు. చివర్లో ఇంకో మాట అన్నాడు: ఈ విషాన్నే అతి తక్కువ మోతాదులో ఇస్తే అదుపుతప్పిన కండరాల కదలికలకీ, అతిగా ఊరే స్రావాలకీ మందు కావచ్చని. ఆ స్రావాల్లో చెమట కూడా ఉంది. అంటే స్పెసిఫికేషన్ 1822లోనే రాసిపెట్టాడు. కోడ్ రాయడానికి ఇంకో నూటెనభై ఏళ్ళు పట్టింది, అంతే :)

1895 డిసెంబర్లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊళ్ళో ఒక అంత్యక్రియలకి వాయించడానికొచ్చిన వాద్యబృందం పంది మాంసం తిని జబ్బుపడింది, ముగ్గురు పోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే ప్రొఫెసర్ ఆ మాంసంలోంచి, చనిపోయినవాళ్ళ శరీరాల్లోంచి ఒక బాక్టీరియాని పట్టుకున్నాడు. 1897లో దాని గురించి ప్రచురించాడు. లాటిన్‌లో సాసేజ్‌ని బొటులస్ అంటారు, ఆ జబ్బు పేరు బొటులిజం అందులోంచి వచ్చిందే.

అన్నట్టు, అదే 1897 ఆగస్టులో మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమలు కోసుకుంటూ కూర్చున్నాడు. పంఖా ఊపిస్తే దోమలు ఎగిరిపోతాయని అది కూడా ఆపించాడు. నుదుటి నుంచీ, చేతుల నుంచీ కారిన చెమటకి మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పుపట్టాయని తర్వాత రాసుకున్నాడు. ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అది ఎండవల్ల పట్టిన చెమట, శరీరం తనని చల్లబరుచుకునే మామూలు పని. నేను చెప్పేది అది కాదు. ఏసీ గదిలో, ఏ పనీ చెయ్యకుండా కారే చెమట సంగతి.

ఈ తేడా అర్థం కావాలంటే కాస్త వైరింగ్ చూడాలి. చెమట గ్రంథులకి వెళ్ళేవి సింపథటిక్ నరాలు. ఈ నరాలు సాధారణంగా నోరడ్రెనలిన్ అనే రసాయనంతో కబురు పంపుతాయి. చెమట గ్రంథుల దగ్గర మాత్రం అసిటైల్‌కోలిన్ వాడతాయి. ఈ మినహాయింపుని 1934లో హెన్రీ డేల్, ఫెల్డ్‌బర్గ్ చూపించారు. కండరాలని కదిలించే నరాలు వాడేదీ అసిటైల్‌కోలినే. బొటులినమ్ విషం ఆ రసాయనం బయటికి రాకుండా ఆపుతుందని 1949లో తేలింది. మన భాషలో చెప్పాలంటే రిసీవర్ బాగానే ఉంటుంది, మెసేజ్ పంపేవాడి నోరే నొక్కేశారు. పంపే చోట స్నాప్-25 అనే ప్రోటీన్‌ని టైప్-ఎ విషం కత్తిరిస్తుందని 1993లో కనుక్కున్నారు. కొన్ని నెలలకి నరం మళ్ళీ బాగుపడుతుంది. అందుకే చంకల్లో చేసిన సూది ప్రభావం సాధారణంగా ఆర్నెల్ల అటూఇటూ ఉంటుంది.

మందుగా మారింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్ను సరిచెయ్యడానికి ముందు కోతుల మీద, 1970ల చివర్లో మనుషుల మీద వాడాడు. 1989లో అమెరికా ప్రభుత్వం మెల్లకన్నుకీ, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకీ అనుమతిచ్చింది. అప్పటికి మందు పేరు ఆక్యులినమ్. తర్వాత అలర్గాన్ కంపెనీ కొనుక్కుని బొటాక్స్ అని పేరు పెట్టింది. ముడతలకి అనుమతి వచ్చింది 2002లో.

మరి చెమట? 1994లో ఇంగ్లండ్‌లో బుషారా, పార్క్ అనే డాక్టర్లు, ముఖం ఒకవైపు అదిరే రోగులకి ఈ సూది వేస్తే వేసినచోట చెమట ఆగిపోతోందని గమనించి రాశారు. కెర్నర్ చెప్పిందే మళ్ళీ కనపడిందన్నమాట. 2001లో జర్మన్ డాక్టర్లు 145 మంది మీద చంకల్లో పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. 2004 జులైలో, పైపూత మందులకి లొంగని తీవ్రమైన చంకల చెమటకి అమెరికాలో అనుమతి వచ్చింది. ఒక్కో చంకకి 50 యూనిట్లు, 10-15 చోట్ల చిన్నచిన్న పోట్లు. ఎక్కడ పొడవాలో చూడ్డానికి అయోడిన్ పూసి పైన పిండి చల్లుతారు, తడిసినచోట నల్లబడుతుంది. 1928 నాటి ఈ మైనర్ పరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే, ఆ 'కాస్మెటిక్' అన్న ముద్ర కోసం. నాకు తెలిసిన ఒకతను ఈ చికిత్సకి క్లెయిమ్ పెడితే 'సౌందర్య చికిత్స' అని తిప్పికొట్టారు (కంపెనీ పేరెందుకు లెండి). ఆర్నెల్లకోసారి చేయించుకోవాల్సిన, ప్రాణాపాయం లేని జబ్బుకి డబ్బివ్వడం కష్టమని వాదించొచ్చు, అది వినదగ్గ వాదనే. కానీ ఇది అందం కోసమని చెప్పడం మాత్రం చరిత్ర తెలియకపోవడమే. మన భాషలోనే చూడండి, చెమటోడ్చి సంపాదించినవాడికి గౌరవం, ముచ్చెమటలు పట్టినవాడికి ఎగతాళి. ఇంటర్వ్యూలో తడిచెయ్యి ఇచ్చిన కుర్రాడిది భయం అనుకుంటారు తప్ప నరాల వ్యవహారం అనుకోరు.

ముద్రకి రెండో నష్టం కూడా ఉంది. 'అందానికే కదా' అనుకుంటే ఎవరు పొడిచినా పర్లేదనిపిస్తుంది. అదే 2004 నవంబర్లో ఫ్లోరిడాలో పరిశోధనకి మాత్రమే ఉద్దేశించిన, లైసెన్సు లేని విషాన్ని పొడిపించుకుని నలుగురు నిజం బొటులిజంతో ఆస్పత్రి పాలయ్యారు. కాబట్టి బోర్డు చూసి కాక, చర్మవ్యాధుల్లో చదువుకున్న డాక్టరు దగ్గరికే వెళ్ళండి. ఏ కంపెనీ మందు, ఎన్ని యూనిట్లు అని అడగండి. ముందు అల్యూమినియం క్లోరైడ్ పూత, తర్వాత చేతులకైతే నీళ్ళలో సన్నటి కరెంటు పంపే అయాంటోఫొరెసిస్ ప్రయత్నించడం పద్ధతి. అరచేతుల్లో సూది చాలా నొప్పి, పైగా కొన్నాళ్ళు పట్టు తగ్గొచ్చు. కీబోర్డు మీద బతికే మనం ఇది ఆలోచించుకోవాలి. నేనైతే ప్రస్తుతానికి కరెంటు దగ్గరే ఆగాను.

ఇంకొక్క మాట. నిద్రలో కూడా ఒళ్ళంతా తడిసిపోతున్నా, పెద్దయ్యాక హఠాత్తుగా మొదలైనా అది వేరే కథ కావచ్చు. థైరాయిడ్, టీబీ లాంటివి చూపించుకోవాలి. దానికి స్కిన్ క్లినిక్కు కన్నా ముందు ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళడం మంచిది.