ఇంటి ఛాయాచిత్రాలు పదిలమేనా?

విజయవాడ: బుడమేరు పొంగి 2024 సెప్టెంబరు 1న నగరాన్ని ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం ప్రాంతాల్లోని ఇళ్లు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద కర్నూలును ముంచినప్పుడూ అదే దుస్థితి. ఇటువంటి విపత్తుల్లో పోయిన బియ్యం, బట్టలు, సామగ్రి ఆలస్యంగానైనా తిరిగి సమకూరుతాయి. బీరువా అడుగు అరలోని పెళ్లి ఆల్బం, గతించిన తల్లిదండ్రుల ఏకైక చిత్రం మాత్రం తిరిగి రావు. వరద ఎరుగని ఇళ్లలోనూ తేమ, చెదలు, మతిమరుపు కలిసి ఇదే నష్టాన్ని నెమ్మదిగా కలిగిస్తుంటాయి.

ఛాయాచిత్రం రెండు విధాలుగా పోతుంది. కాగితం పాడవడం ఒకటి. అందులో ఉన్నది ఎవరో చెప్పగలిగేవారు లేకుండాపోవడం రెండోది. మొదటిదానికి కొంతవరకైనా చికిత్స ఉంది, రెండోదానికి లేదు. అందువల్ల ఫొటోలు సర్దే పని పేర్లు రాయడంతోనే మొదలుకావాలి.

ముందు పేర్లు.. తరువాతే పెట్టెలు

ఇంట్లోని పెద్దల దగ్గర కూర్చుని పాత ఫొటోలు ఒక్కొక్కటే చూపి వివరాలు అడిగి రాసుకోవాలి. చాలా ఫొటోల వెనుక 'అత్తయ్య', 'పెదనాన్న', 'చిన్నోడు' అని మాత్రమే రాసి ఉంటుంది. రాసినవారు పోయాక ఆ అత్తయ్య ఎవరికి అత్తయ్యో తెలియదు. ఇంటి పేరుతో సహా పూర్తి పేరు, ఊరు, సందర్భం, సంవత్సరం రాయాలి. ఆడపడుచులకు పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండూ అవసరమే.

సంవత్సరం గుర్తులేకపోతే అందరికీ తెలిసిన ఘటనలను ఆధారం చేసుకోవచ్చు. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెనకు ముందా, వెనుకా? కృష్ణా పుష్కరాలు జరిగిన 1980, 1992, 2004, 2016 సంవత్సరాల్లో దేనికి దగ్గర? ఇలా అడిగితే పెద్దలకు జ్ఞాపకం వస్తుంది. అట్టపై ఉన్న స్టూడియో ముద్ర కూడా ఊరును, కాలాన్ని పట్టిస్తుంది.

వివరాలను ఫొటో వెనుక అంచున మెత్తని పెన్సిలుతో తేలికగా రాయాలి. బాల్‌పెన్ను ఒత్తిడికి ముందువైపు గీతలు తేలతాయి, సిరా పక్క ఫొటోకు అంటుకుంటుంది. నున్నని ప్లాస్టిక్ పూత ఉన్న రంగుల ఫొటోలపై పెన్సిలు సరిగా పడదు. అటువంటివాటిని కవరులో పెట్టి, కవరుపై ముందుగానే రాసుకోవాలి.

తేమే ప్రధాన శత్రువు

ఫొటో పైపూతలో జెలటిన్ ఉంటుంది. అది తేమను పీల్చి జిగటబారుతుంది, బూజుకూ పురుగులకూ ఆహారమవుతుంది. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఫొటోలకు మేలు. కోస్తా జిల్లాల్లో వర్షాకాలమంతా అంతకు చాలా మించి ఉంటుంది. కనుక స్థలం ఎంపికలో జాగ్రత్త అవసరం.

* ఎండకు కాగే పైకప్పు కింది అటక, స్నానాలగది గోడను ఆనుకున్న అల్మరా, నేలపై ఉంచిన ట్రంకు పెట్టె పనికిరావు. పడకగదిలోని ఇనుప బీరువా పై అర లేదా మధ్య అర మేలు. పెట్టెలో సిలికాజెల్ పొట్లాలు ఉంచి, అప్పుడప్పుడు మార్చాలి.

* జిగురు పూసిన పుటలపై పల్చని ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బంలు ఒకప్పుడు ఇంటింటా కనిపించేవి. ఆ జిగురు కాలక్రమంలో పసుపుబారి ఫొటోను పట్టేస్తుంది. పీవీసీ ప్లాస్టిక్ అయితే ఆమ్ల వాయువులు వెలువడతాయి. సులువుగా వచ్చే ఫొటోలను తీసి పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్లలోకి మార్చాలి. రానివాటిని లాగకుండా పుటతో సహా స్కాన్ చేయాలి.

* సెల్లోటేపు, ఫెవికాల్, రబ్బరు బ్యాండ్లు, స్టేపులు వాడరాదు.

* దండ వేసి గోడకు తగిలించిన పెద్దల పటం చాలా ఇళ్లలో ఒకే ఒక్క ప్రతి. అసలు చిత్రాన్ని బీరువాలో దాచి, దాని నకలును గోడకు తగిలించడం ఉత్తమం. వెలుతురుకు రంగులు వెలిసిపోతాయి. నాటి రంగుల ఫొటోలు కొన్ని చీకటిలో ఉన్నా వెలిసి ఎర్రబారుతుంటాయి.

నెగటివ్‌లు ఉంటే పారవేయరాదు. ఆరో నిజాం కొలువులో ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844-1905) తీసిన చిత్రాల గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళల కేంద్రంలో భద్రపరచబడి ఉన్నాయి. ఫొటో పాడైనా నెగటివ్ ఉంటే మళ్లీ ముద్రించుకోవచ్చు.

తడిస్తే ఏం చేయాలి?

తడిసిన ఫొటోలను రెండు రోజుల్లోపు పట్టించుకోకపోతే బూజు పడుతుంది, ఒకదానికొకటి అంటుకుంటాయి. ముందుగా ప్రతిదానినీ ఫోనుతో ఫొటో తీసుకోవాలి. తరువాత బురద ఉన్నవాటిని పళ్లెంలో పోసిన శుభ్రమైన చల్లని నీటిలో మెల్లగా ఆడించి కడగాలి. బొమ్మ ఉన్న వైపు వేలితో తాకరాదు, గుడ్డతో తుడవరాదు. ఇంక్‌జెట్ ముద్రణలను కడిగితే రంగు కారిపోతుంది, వాటిని అలాగే ఆరబెట్టాలి. శుభ్రమైన నూలు గుడ్డపై బొమ్మ పైకి ఉండేలా పరచి నీడలో గాలికి ఆరనివ్వాలి. ఎండ, హెయిర్ డ్రయర్ రెండూ హానికరమే. వార్తాపత్రికలపై పరిస్తే సిరా అంటుతుంది.

ఎక్కువ ఉండి అన్నీ ఒకేసారి చూడలేకపోతే మధ్యమధ్య బటర్ పేపరు పెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజరులో ఉంచవచ్చు. తరువాత కొద్దికొద్దిగా తీసి ఆరబెట్టుకోవచ్చు. ఫ్రేము అద్దానికి అంటుకుని ఎండిన ఫొటోను ఊడదీయరాదు. అద్దం మీదుగానే స్కాన్ చేయించాలి.

మూడు ప్రతులు.. ఒకటి వేరే ఊళ్లో

సాధారణ ఫొటోలకు 300 డీపీఐ, పాస్‌పోర్టు సైజు వంటి చిన్నవాటికి 600 డీపీఐ లేదా అంతకుమించి స్కాన్ చేయించాలి. ఫైలు పేరులో సంవత్సరం, నెల, సందర్భం ఉండాలి. '1984-05-గృహప్రవేశం-01' అని పెడితే కంప్యూటరులో అవే వరుసలో నిలుస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపాలి.

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటికి దూరంగా అన్నది డిజిటల్ భద్రతకు మూలసూత్రం. కంప్యూటరులో ఒకటి, బయటి హార్డ్‌డిస్కులో ఒకటి, వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లోనో ఇంటర్నెట్ ఖాతాలోనో మరొకటి ఉంచాలి. ఆ ఊరు ఇదే నది ఒడ్డున లేకపోతే మరీ మంచిది.

ఇంటర్నెట్ ఖాతానే నమ్ముకోవడం ప్రమాదం. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1న అపరిమిత ఉచిత నిల్వను నిలిపివేసింది. అదే సంస్థ రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నిబంధనను 2023 డిసెంబరు నుంచి అమలులోకి తెచ్చింది. ఫోనుతో అనుసంధానమైన ఖాతాలో ఒకచోట చెరిపితే రెండోచోటా చెరిగిపోవచ్చు. ఖాతా ఉన్న వ్యక్తి మరణిస్తే పాస్‌వర్డు తెలియక కుటుంబం మొత్తం సేకరణనే కోల్పోతుంది. ఇంట్లో మరొకరికి ఆ వివరం తెలిసి ఉండాలి.

సీడీలు, డీవీడీలలో ఉన్న పాత పెళ్లి ఫొటోలను ఆలస్యం చేయక హార్డ్‌డిస్కులోకి మార్చుకోవాలి. డిస్కు పొర కాలంతో చెడుతుంది, చదివే పరికరాలూ అరుదవుతున్నాయి. నేడు ఫొటోలు తీయించుకునేవారు ముద్రించిన ఆల్బంతో సరిపెట్టుకోక, అసలు ఫైళ్లను కూడా స్టూడియో నుంచి అడిగి తీసుకోవాలి.

ఇదంతా ఒక్కరోజులో అయ్యే పని కాదు. ఇంట్లో అందరికన్నా పెద్దవారు గుర్తుపట్టగలిగే ఇరవై ఫొటోలతో మొదలుపెడితే చాలు. హార్డ్‌డిస్కు రేపైనా కొనుక్కోవచ్చు. పేర్లు చెప్పగల మనిషి రేపటికి ఆగకపోవచ్చు.